గ్రంథాలయం

పుస్తకాలు, పత్రికలు, రాతప్రతులు సేకరించి, భద్రపరచి, చదువరులకు అందించే చోటు గ్రంథాలయం. బీరువాలు ఎన్ని ఉన్నా, అడిగిన పుస్తకం చేతికి అందినప్పుడే ఆ పేరు సార్థకమవుతుంది. తెలుగునాట భాషా నిలయం, పుస్తక భాండాగారం అనే పేర్లూ వాడుకలో ఉన్నాయి.

దొరికేవి

ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో దినపత్రికల బల్ల చుట్టూ పొద్దున్నే జనం చేరతారు. వార, మాస పత్రికలు, కథలు, నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు అక్కడ ఉంటాయి. ధరావతు కట్టి సభ్యులైనవారు పుస్తకాలను ఇంటికి తీసుకుపోయి గడువులోగా తిరిగి ఇస్తారు. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, పటాలు మాత్రం అక్కడే కూర్చుని చూడాలి. కొన్ని పెద్ద గ్రంథాలయాల్లో తాళపత్రాలు కూడా ఉన్నాయి. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికల సంచికలకు పేరుపొందింది. పరిశోధకులు వాటికోసం దూరాల నుంచి వస్తారు.

అమరిక

1876లో వెలువడిన డ్యూయీ దశాంశ పద్ధతి విజ్ఞానాన్ని పది తరగతులుగా విభజించింది. అందులో తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. పుస్తకం వీపున అతికించిన సంఖ్యే కేటలాగులోనూ ఉంటుంది కనుక వేల పుస్తకాల్లో కావలసినది నిమిషాల్లో దొరుకుతుంది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికేనని చెబుతుంది.

తెలుగునాట

హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబరు 1న వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు దాని స్థాపకుల్లో ముఖ్యులు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి, ఊరూరా పఠన మందిరాలు తెరవడానికి ఊపు ఇచ్చింది. గ్రంథాలయానికి రాలేనివారి కోసం పాతూరి నాగభూషణం 1935లో పుస్తకాలను పడవకెక్కించారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువపై సాగిన ఆ పడవ గట్టున ఉన్న పల్లెలకు పుస్తకాలు పంచింది.

నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో స్థానిక సంస్థలు ఇంటిపన్నుతోపాటు వసూలు చేసే గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరుతుంది. పన్ను కట్టే ప్రతి ఇల్లూ గ్రంథాలయ పుస్తకాల కొనుగోలులో భాగస్వామే. పఠన మందిరంలో కూర్చుని చదువుకోవడానికి మాత్రం ఎవరూ ఏమీ చెల్లించనక్కరలేదు.