ఎత్తిపోతల: నామవిచారము, యాత్రికుల విడిది

పల్నాట మాచెర్ల చెన్నకేశవుని సేవించి నాగార్జునకొండఁ జూడఁగోరువారు విడిది యెచ్చట మేలని యడుగుచుందురు. కొందఱు ఎత్తిపోతలనే చెప్పుదురు. ఆ పేరు 'యతితపోతల'మనుటకు వికృతియనియు, పూర్వము యతులు వసించిన చోటదియే యనియు వారి వాదము.

ఈ వ్యుత్పత్తి నిలువదు. తపశ్శబ్దమునకుఁ దకారము పరమగునపుడు ఓత్వము రాదు, 'తపస్తలము' కావలయును. 'తపోవన'మున వకారము హశ్వర్ణము గనుక ఓత్వము కలిగినది. చంద్రవంక యించుమించు 70 అడుగుల యెత్తునుండి దుముకుచోట 'ఎత్తిపోత' యను తేటతెలుఁగుమాట యుండఁగా సంస్కృతమును వెదకనేల?

యతుల విడుదులను శాసనమే చెప్పుచున్నది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షమున బోధిశ్రీ యను నుపాసిక విజయపురికిఁ దూర్పున శ్రీపర్వతముపైఁ జైత్యగృహమును గట్టించెను. అది తామ్రపర్ణి, అనఁగా సింహళమునకుఁ జెందిన థేరులకొఱకు. ఆమె యితర దానములు నందే లిఖితములు: ఒకచోట మండపము, ఒకచోటఁ దటాకము, హిరుముఠువయందు మూడు 'ఓవరకలు', పపిలయం దేడు. ఈ ఓవరక సంస్కృతమున అపవరకము, మన తెలుఁగున ఓవరి. గది యని యర్థము. ఊరు పేరును విఱిచి యతులను వెదకువారు ఈ యేడు గదులను జూడకపోవుట వింత.

ఆ లోయ నేఁడు జలాశయగర్భమున నున్నది. 1955 డిసెంబరు 10న సాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1954-60 నడుమఁ ద్రవ్వితీసిన కట్టడములు కొన్ని కొండపైకిని, కొన్ని అనుపునకును జేర్పఁబడినవి. కొండకుఁ బడవ విజయపురి దక్షిణమునుండి సాగును. అనుపును నా దరినే. కావున నా మతమున విడిది యచ్చటనే తగును. ఎత్తిపోతల మాచెర్ల త్రోవలోనిదే. పోవుచు నొక గడియ నిలిచి చూడవచ్చును.