పది వ్రేళ్ళ విద్య

తెల్లవారి ఆరు గంటలకే తలుపులు తెరచి, రాత్రి ఎనిమిది దాటువరకు మూయని విద్యాలయము మన చిన్న పట్టణములలో ఒక్కటే యుండెడిది. అది టైపు ఇన్‌స్టిట్యూటు. బజారువీధిలో ఏ మందుల దుకాణము మీదనో, ఇరుకు మెట్లెక్కినంతనే కనిపించెడి ఆ గదిలో, నూనెవాసనయు రిబ్బను సిరావాసనయు కలిసిన గాలిలో, బల్లలపై బారుతీర్చిన రెమింగ్టను, గోద్రెజ్ యంత్రముల ముందు, ఎస్.ఎస్.ఎల్.సి. వ్రాసి ఫలితములకై వేచియున్న పిల్లలును, గుమాస్తా కొలువు కోరు పట్టభద్రులును, తమతమ గంట రాగానే కూర్చుండి, చూపును పుస్తకమున నిలిపి, వ్రేళ్ళను యంత్రమునకు అప్పగించెడివారు.

మొదటి పాఠములలో వేగము మాటయే రాదు. ఎడమచేతి నాలుగు వ్రేళ్ళను ఏ, ఎస్, డి, ఎఫ్ ల మీదను, కుడిచేతి వానిని సెమికోలన్, ఎల్, కె, జె ల మీదను నిలిపి, చూపుడువ్రేళ్ళను మాత్రము ప్రక్కనున్న జి, హెచ్ లకు చాచి మరల స్వస్థానమునకు తెచ్చుచు, ఆ ఒక్క వరుసనే పుటలకు పుటలు కొట్టవలెను. విసుగు పుట్టుట సహజమే. కాని ఆ కాగితమును వెలుతురున పట్టి చూచు మాస్టారికి అది శిష్యుని నాడి వంటిది. చూపుడువ్రేలు కొట్టిన ఎఫ్ నల్లగా కాగితమున దిగియుండగా, చిటికెనవ్రేలు కొట్టిన ఏ పొగవలె పలుచగా కనిపించును. యంత్రము వ్రేలి బలహీనతను దాచదు. తొందరపడినచో దండన విధించునదియు యంత్రమే: ఒక అక్షరపు కడ్డీ వెనుకకు మరలకముందే రెండవది లేచెనా, రెండును రిబ్బను ముందు పెనవేసికొని నిలిచిపోవును, వానిని చేతితో విడదీసి, సిరా అంటిన వ్రేళ్ళను గుడ్డకు తుడుచుకొని, మరల మొదలుపెట్టవలెను. అందుచేతనే మంచి మాస్టర్లు వేగమునకు ముందు లయను నేర్పిరి.

ఈ పద్ధతికి దేశాంతరమున ఒక పూర్వచరిత్ర గలదు. క్రిస్టఫర్ షోల్స్ అనునతడు సహచరులతో గూడి అమెరికాలోని మిల్వాకీ నగరమున నిర్మించిన వ్రాతయంత్రమునకు 1868లో పేటెంటు లభించెను. తుపాకులు చేయు రెమింగ్టను సంస్థ ఆ యంత్రమును 1874లో విపణికి తెచ్చెను. యంత్రము వచ్చెనే గాని, దానిని కొట్టు విద్య దానితోపాటు రాలేదు. చాలకాలము జనులు రెండు మూడు వ్రేళ్ళతో అక్షరమును వెదకి వెదకి కొట్టుచుండిరి. సిన్సినాటిలో ఎలిజబెత్ లాంగ్లీ యను ఉపాధ్యాయిని అన్ని వ్రేళ్ళను వినియోగింపవలెనని బోధించినది. అదే నగరమున 1888 జూలై 25న జరిగిన పందెమున, కీలను కన్నెత్తి చూడని ఫ్రాంక్ మెక్‌గరిన్, చూచి కొట్టు లూయీ ట్రాబ్‌ను ఓడించెను. చెప్పినది విని కొట్టుటలోనే గాక, ఎన్నడును చూడని ప్రతిని చూచి కొట్టుటలోను అతనిదే పైచేయి. ట్రాబ్ చూపు ప్రతికిని కీలకును నడుమ తిరుగుచుండగా, మెక్‌గరిన్ చూపు ప్రతిని విడువలేదు.

మన దేశమున ఈ విద్యకు కొలబద్ద పరీక్ష. మద్రాసు ప్రభుత్వపు సాంకేతిక పరీక్షల నాటినుండి సాగివచ్చిన లోయరు, హయ్యరు అను రెండు మెట్లలో, ఆంగ్లమున మొదటిదానికి నిమిషమునకు 30 మాటలు, రెండవదానికి 45. ఐదు దెబ్బలు ఒక మాట. పది నిమిషములలో లోయరు అభ్యర్థి 1500, హయ్యరు అభ్యర్థి 2250 దెబ్బలు కొట్టవలెను. ఈ రెంటి నడుమ ఎందరో ఆగిపోయిరి. ఆ ఆగుటకు కారణమును వెదకినవారు గలరు: ఇండియానాలో బ్రయన్, హార్టర్ అను ఇరువురు 1897లో టెలిగ్రాఫు పనివారి అభ్యాసమును పరిశీలించి, నైపుణ్యము కొంత పెరిగి, వారములకొలది కదలక నిలిచి, పిదప మరల లేచుననిరి, ఆ నిలిచిన దశకు పీఠభూమి యని పేరు. 1908లో విలియం బుక్ టైపు నేర్చువారినే పరిశీలించి గ్రంథము ప్రకటించెను. విడివిడి అక్షరములుగా కొట్టిన చేయి మాటను మాటగా కొట్టుట నేర్చుకొను సమయమే ఆ పీఠభూమి. లోపల పని జరుగుచునే యుండును, లెక్కలో మాత్రము కనబడదు. ముప్పదియైదు దగ్గర నెల దినములు నిలిచిపోయి, తమకు ఈ విద్య రాదని మెట్లు దిగిపోయిన పిల్లలను తలచినప్పుడెల్ల నాకు బాధ కలుగును. వారికి లేనిది ప్రజ్ఞ కాదు. ఇంకొక నెల వేచియుండుమని చెప్పు మనిషి.

1955లో గోద్రెజ్ సంస్థ స్వదేశమున యంత్రములను తయారుచేయనారంభించెను. 1966లో ఆంధ్రప్రదేశమున అధికార భాషా చట్టము రాగా తెలుగు టైపునకు కార్యాలయములలో అవసరము పెరిగెను. నలుబది పైచిలుకు కీలలో గుణింతములను, ఒత్తులను ఇమిడ్చుట సామాన్యమైన పనికాదు. అందుకొరకు కొన్ని కీలను నొక్కినప్పుడు గుర్తు పడునే గాని కాగితమును మోయు క్యారేజి కదలకుండునట్లు అమర్చిరి; ఆంగ్లమున ఆరితేరిన చేయియు ఇక్కడ మరల ఓనమాలు దిద్దవలసినదే.

నేటి కంప్యూటరులో కడ్డీలు లేవు, పెనవేసికొనుట లేదు. చిటికెనవ్రేలి ఏ కూడ నల్లగానే పడును. కావున తప్పును చూపునది ఇప్పుడు మన శ్రద్ధ యొక్కటే. 1991లో భారత ప్రమాణముల సంస్థ ఆమోదించిన ఇన్‌స్క్రిప్టు అను కీల అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలవరకు కుడిచేతికి వచ్చినవి. కుడి చూపుడువ్రేలు జె మీద ర కొట్టగానే ఎడమ చూపుడువ్రేలు ఎఫ్ మీద గుడి పెట్టును, రి పూర్తియగును. క్క కావలెనన్నచో కుడి నడిమివ్రేలు క, ఎడమ నడిమివ్రేలు పొల్లు, మరల కుడి నడిమివ్రేలు క. వ్రేళ్ళ నివాసము మాత్రము మారలేదు. ఆ ఎఫ్, జె కీలపై ఎత్తుగా తగులు సన్నని గీత యొకటి యుండును, కన్ను దించకయే వ్రేలు తన చోటు తెలిసికొనుటకు.