బెదురు గుర్రం – పెద్దల ఓర్పు

మన ఇళ్లలో పెళ్లి కుదిరిందంటే బరాత్‌కు గుర్రం ఉందా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. కొన్నేళ్ల కిందట మా బంధువుల పెళ్లిలో ఒక సంగతి జరిగింది. దూల్హా సెహ్రా కట్టుకొని రికాబులో కాలు పెట్టాడో లేదో, బ్యాండు ఒక్కసారిగా మోగింది, టపాకాయలు పేలాయి. గుర్రం పక్కకు జరిగింది. ఇద్దరు కళ్లెం పట్టి గుంజారు, ఒకాయన వెనకనుంచి చరిచాడు. అది ముందుకాళ్లు ఎత్తేసింది. దూల్హా కిందపడ్డాడు, చెయ్యి విరిగింది. అందరూ "పొగరుబోతు గుర్రం" అన్నారు. మేమూ అన్నాం. తర్వాత పాత పుస్తకాలు తిరగేస్తే తప్పు ఎవరిదో తెలిసింది. అది పొగరు కాదు, భయం.

ఈ మాట చాలా పాతది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో మాసిడోనియా రాజు ఫిలిప్ దగ్గరకు బ్యూసెఫలస్ అనే గుర్రాన్ని తెచ్చి 13 టాలెంట్ల ధర చెప్పారు. అది ఎవరినీ ఎక్కనివ్వలేదు. తీసుకుపొమ్మన్నాడు రాజు. అప్పుడు ఆయన కొడుకు, మనం సికందర్ అనే అలెగ్జాండర్, ఇంకా బాలుడు. గుర్రం తన నీడను చూసి బెదురుతోందని అతడు కనిపెట్టాడు. దాన్ని సూర్యుడి వైపు తిప్పి, నిమిరి, భుజంమీది వస్త్రాన్ని మెల్లగా జారవిడిచి, అప్పుడు ఎక్కాడు. కొట్టలేదు, కళ్లెం గుంజలేదు. ప్లూటార్క్ ఈ కథ రాశాడు. ఆ గుర్రమే హిందూస్థాన్ దాకా వచ్చింది. క్రీ.పూ. 326లో జీలం యుద్ధం తర్వాత చనిపోతే, ఆ నది ఒడ్డున దాని పేరిట సికందర్ ఒక నగరమే కట్టించాడు.

ఆ శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రపుస్వారీపై ఒక గ్రంథం రాశాడు. అప్పటికి అక్కడ రికాబులు లేవు. ఎక్కేటప్పుడు పగ్గం వదులుగా పట్టుకోవాలని, నోట్లోని కళ్లెం లాగుకుపోకుండా చూడాలని, కోపంతో గుర్రం దగ్గరికి పోనే పోరాదని ఆయన చెప్పాడు. బెదిరిన గుర్రాన్ని కొడితే భయం రెట్టింపవుతుందన్నాడు.

ఇక మన ఇస్లామీయ చరిత్ర చూద్దాం. ప్రవక్త ముహమ్మద్ (స) తన గుర్రం ముఖాన్ని స్వయంగా తన పైబట్టతో తుడిచారని ఇమామ్ మాలిక్ గారి 'మువత్తా'లో ఉంది. హజ్రత్ ఆయిషా (ర) ఒకసారి మాట వినని ఒంటెనెక్కి అటూ ఇటూ తిప్పుతుంటే, మెత్తదనం పాటించమని ఆయన చెప్పారు. ఇది 'సహీహ్ ముస్లిం'లోని హదీసు. రికాబులో కాలు పెట్టగానే బిస్మిల్లాహ్, వీపుమీద కుదురుకున్నాక అల్‌హమ్దులిల్లాహ్, ఆ తర్వాత దుఆ – ఈ క్రమాన్ని హజ్రత్ అలీ (ర) ఆచరించి చూపారు. దాని పుణ్యం అల్లాహ్‌కు ఎరుక. తొందరపాటు తగ్గించే మేలు మాత్రం మన కళ్లకే కనబడుతుంది.

ఆ తర్వాత 9వ శతాబ్దంలో, బాగ్దాద్ ఖలీఫాల కాలంలో, ఇబ్న్ అఖీ హిజామ్ గుర్రపుస్వారీ, గుర్రాల వైద్యం మీద అరబ్బీలో గ్రంథం రాశాడు. మన ఉర్దూలో సఆదత్ యార్ ఖాన్ రంగీన్ 18వ శతాబ్దం చివర 'ఫరస్‌నామా' రచించాడు. రంగీన్ అంటే సరదా కవిత్వమనే మనం అనుకుంటాం. ఆయన గుర్రాల పుస్తకాన్ని మాత్రం 1911లో ఇంగ్లీషులోకి కూడా అనువదించారు. చదవాల్సిన మనమే మరచిపోయాం.

పెద్దల ఓర్పుకు నేటి శాస్త్రం కూడా సాక్ష్యం చెబుతోంది. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూరా చూడగలదుగాని, సరిగ్గా తన వెనక ఉన్నది దానికి కనబడదు. అందుకే వెనకనుంచి చరిస్తే ఉలిక్కిపడుతుంది. మెడ కింద, వీపు మొదలయ్యేచోట మెల్లగా గోకితే గుర్రం గుండెవేగం తగ్గుతుందని 1993లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. సాయీసులు ఆ చోట నిమరడం ఊరికే కాదన్నమాట.

కాబట్టి సభ్యులకు, ముఖ్యంగా పెళ్లిపెద్దలకు మా మనవి ఇది. గుర్రాన్ని ముందుగానే తెప్పించి, నిలబడే చోటు చూసుకోనివ్వండి. జీను కింద పుండు ఉందేమో, పటకా బిగువు సరిగా ఉందేమో అడగండి. నొప్పి ఉన్న గుర్రం ఎక్కనివ్వదు, దాన్ని ఆరోజు పంపించేయాలి. దూల్హా ఎడమపక్కగా, దానికి కనబడేలా వచ్చి, మాట్లాడుతూ భుజం నిమరాలి. నేలమీదనుంచి జీను పట్టి వేలాడకుండా అరుగుమీదనుంచో గట్టి పీటమీదనుంచో ఎక్కి, మెల్లగా కూర్చోవాలి. కళ్లెం దగ్గర దాన్ని పెంచిన సాయీసు ఒక్కడే ఉండాలి. అది కదిలితే లాగవద్దు, దిగి, మళ్లీ మొదలుపెట్టాలి. పిల్లలను వెనక్కి రానీయకండి. అంతవరకూ బ్యాండు ఆగాలి. టపాకాయలు అసలే వద్దు.

పది నిమిషాలు ఆలస్యమైతే నికాహ్ ఆగిపోదు. నోరులేని జీవం మీద దయ చూపి, ఆ ఇంటి బిడ్డను క్షేమంగా ఇల్లు చేర్చుకుందాం.