పాలమూరు లేబర్, లేబర్ రూమ్

మా జిల్లా పేరుకు ఒక ఇంగ్లీషు మాట అతుక్కుపోయి చాలా కాలమైంది. పాలమూరు లేబర్. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా ఈ పేరు వినపడేది. రైతు ‘లేబర్ దొరుకుతలేరు’ అంటాడు. పట్నంలో పొద్దున్నే కూలీలు నిలబడే చోటు లేబర్ అడ్డా. నా యాస విని హాస్టల్లో ఒకామె ‘లేబర్ భాష’ అంది. పని, మనిషి, గుంపు, తిట్టు అన్నీ ఒకే మాటలో. అదే మాట ఆస్పత్రిలో ఒక తలుపు మీద ఉంటుంది: లేబర్ రూమ్. ఈ రెండు లేబర్లకూ చుట్టరికం ఉందని మనకు తోచదు.

లాటిన్‌లో దీనికి శ్రమ, కష్టం అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు పదహారో శతాబ్దం నుంచే కాన్పుకూ ఇదే మాట వాడారు. మనం ‘నొప్పులొచ్చినయి’ అంటాం. నొప్పులు వస్తాయి, ఆమె పడుతుంది, అంతే. ఆమె చేసేది ఏమీ లేనట్టు. (ఇంగ్లీషు మాట గొప్పదని కాదు. అక్కడా ఆ లేబర్‌కు కూలి కట్టలేదు.)

నల్లగొండ వెట్టి చరిత్రలో మాత్రం రెండూ పెనవేసుకునే ఉన్నాయి. దొరసాని పురుటి గుడ్డలు ఉతకడం చాకలి స్త్రీ వెట్టి. ఒకామె కాన్పు ఇంకొకామెకు కూలిలేని చాకిరి. మరి ఆ ఉతికే మనిషి పురుడు సంగతి? అప్పటి నల్లగొండ జిల్లాలోని విసునూరు దేశ్‌ముఖ్ ఇలాకాలో పచ్చి బాలింతల్ని సైతం పొలానికి రప్పించేవాళ్ళని పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి తన పోరాట గ్రంథంలో రాశారు. మనం చదువుకున్న చరిత్రలు దీన్ని దొరల క్రూరత్వం కిందే లెక్కేసి ముందుకు పోతాయి. క్రూరత్వమే, కాదనను. కానీ అక్కడ రెండు శ్రమలు ఒకే ఒంటి కోసం పెనుగులాడాయి. ఒకదానికి వెట్టి అని పేరుంది, పోరాటం వచ్చింది. రెండోదానికి పేరే లేదు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. ఆ రాతికట్టడానికి తట్టలు మోసినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. కట్ట ఇంకా లేస్తుండగానే, 1961లో, ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. మొదట అది ఫ్యాక్టరీలకూ గనులకూ ప్లాంటేషన్లకూ పరిమితం. పైగా అంతకుముందు ఏడాదిలో ఆ యజమాని దగ్గర 160 రోజులు పనిచేసి ఉండాలి. 1988లో దాన్ని 80 చేశారు. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు, ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో, మస్టర్ రోల్ మీద మట్టిపని చేసే స్త్రీలకూ ఈ హక్కు ఉందని తీర్పిచ్చింది. రెండు లేబర్లూ ఒకే కాగితం మీద కలిసిన అరుదైన సందర్భం అది.

కలవాలంటే మస్టర్‌లో పేరుండాలి. నారాయణపేట, మక్తల్, కోస్గి నుంచి గుంపు మేస్త్రీ వెంట పోయిన స్త్రీకి యజమాని ఎవరు? మేస్త్రీయా, అతనికి డబ్బిచ్చిన కాంట్రాక్టరా? ఇద్దరికీ కలిపి అడ్వాన్సు మొగుడే అందుకుని, పుస్తకంలో అతని పేరే ఎక్కిన చోట ఆ 80 రోజులు ఎవరి ఖాతాలో పడ్డట్టు?