ధాత కరువు చెప్పే సంగతులు

1876-77 ధాత నామ సంవత్సరం. ఆ ఏడు మద్రాసు రాజధానిలో వర్షాలు విఫలమైనవి. తరువాతి ఏడు నైరృతి ఋతుపవనం కూడా మొగము చాటుచేసినది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. బ్రిటిష్ ఇండియాలో మృతులు సుమారు 55 లక్షలని సాధారణంగా చెబుతారు. అంతకు మించి లెక్కించినవారూ ఉన్నారు.

వాన తప్పడానికి మూలం పసిఫిక్ మహాసముద్రంలో ఉన్నది. సాధారణంగా అక్కడి వ్యాపార పవనాలు వెచ్చని నీటిని పడమటికి, ఇండొనీషియా వైపుకు నెడతాయి. ఆ పవనాలు బలహీనపడితే వెచ్చని నీరు తూర్పుకు మరలుతుంది. దానితోపాటు గాలి పైకి లేచే తావు కూడా జరుగుతుంది. అప్పుడు భారతదేశం మీద గాలి దిగజారి, మేఘాలు పెరగడం కష్టమవుతుంది. ఇదే ఎల్‌నినో. 1877 నాటిది చాలా బలమైనది. అప్పుడే ఉత్తర చైనా, బ్రెజిల్ ఈశాన్య భాగం కూడా క్షామానికి గురైనవి.

కాని ఇన్ని చావులకు వానలేమి ఒక్కటే కారణం కాదు. ఆ కాలంలోనే ఇండియా నుండి ఇంగ్లండుకు సుమారు 3,20,000 టన్నుల గోధుమ ఎగుమతి అయినది. రైలుమార్గం ధాన్యం తేగలదు. ధర పలికేచోటికి తీసుకొనిపోగలదు కూడా.

ఇక్కడ సర్ రిచర్డ్ టెంపుల్ కథ గమనింపదగినది. 1874లో బీహారు క్షామంలో ఆయన బర్మా నుండి బియ్యం తెప్పించి, జననష్టం దాదాపు లేకుండా చేసినాడు. అందుకు దొరికిన బహుమానం దుబారా చేసినాడనే నింద! 1877లో మద్రాసుకు వచ్చిన టెంపుల్ వేరే మనిషి. సహాయపు పనులలో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించినాడు. వైద్యాధికారి కార్నిష్, కష్టపడే శరీరానికి కనీసం ఒకటిన్నర పౌను, దానిపై పప్పు, కూరలు కావాలని వాదించినాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కూలిని పెంచినది, అదీ సగం దూరమే.

గోదావరి మండలం మాట వేరు. 1832-33 నందన కరువు తరువాత, 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అక్కడి పొలాలకు నీరిచ్చినది.

1880 క్షామ సంఘం ఒక ముఖ్య సంగతిని గుర్తించినది: వాన తప్పగానే మొదట ఆగిపోయేది పొలం కూలి, కూలి లేనివానికి అంగడిలో గింజలున్నా అందవు. ఈ ఎరుకతోనే క్షామ నిబంధనలు పుట్టినవి. వాతావరణ శాఖలో బ్లాన్‌ఫర్డ్ 1886 నుండి ఋతుపవన సూచనలు వెలువరించినాడు. ఆ వెదుకులాట కొనసాగించిన గిల్బర్ట్ వాకర్, 1924లో దక్షిణ డోలనానికి పేరుపెట్టినాడు.

సూచన శాసనం కాదు. 1997లో ఎల్‌నినో ఉగ్రమైనది, అయినా మన దేశంలో వర్షం సాధారణమే. 2023లో మాత్రం ఆగస్టు నెల, 1901 తరువాత అన్ని ఆగస్టులకంటె పొడిగా గడచినది. భూగోళం వేడెక్కిన ఈ కాలంలో ఎల్‌నినో వేడి దానికి తోడై, 2024 అత్యుష్ణ సంవత్సరంగా నమోదైనది. 2023 జూలైలో భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినది. 1877లో జరగనిది ఇదే. అయితే దానివలన బియ్యం కొనుక్కొని తినే దేశాలలో ధరలు పెరిగినవి.