కరువు పని
వానలు బాగా కురిసిన ఏడాది కూడా అనంతపురం ప్రాంతంలోని తనకల్లు పల్లెల్లో పార, గంప పట్టుకుని పొద్దున్నే బయలుదేరిన ఆడవాళ్లను ఎక్కడికని అడిగితే ‘కరువు పనికి’ అంటారు. కాగితాల్లో దాని పేరు ఉపాధి హామీ. ‘ఉపాధి’ సంస్కృత పదం; హిందీలో పట్టా, బిరుదు అయితే మనకు బతుకుతెరువు అయింది. కరువు మాత్రం అచ్చతెలుగు, పాత రాతల్లో బండి ఱతో ‘కఱవు’. తిండి దొరకని కాలమని మొదటి అర్థం. తర్వాత ఏ లోటుకైనా చెల్లింది, ‘కరువుతీరా’ అలా పుట్టిందే. 1876-78 నాటి మహాకరువులో దొరతనం ఆకలిగొన్నవాళ్లతో రాళ్లు కొట్టించి, మట్టి మోయించి అరకొర కూలి ఇచ్చింది. అలాంటి సహాయ పనులకున్న పేరే నేటికీ నిలిచింది. 2005 ఉపాధి హామీ చట్టం ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పనిని హక్కు చేసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ పథకం మొదలైంది. హక్కు వచ్చినా పేరు మారలేదు. ఉద్యోగి జీతంలో ధరల పెరుగుదలకు ఇచ్చేది ‘కరువు భత్యం’, దాన్నెవరూ దానమనరు. అదే మాట మట్టిపనికి ముందు చేరితే దయాధర్మంలా చూడటం అన్యాయం. కరువు పని కూలి కూడా చెమటోడ్చి సంపాదించిన జీతమే, గడువులోగా చేతికందాల్సిందే.