ఒకే గాటన కట్టేముందు

తెలుగులో లెక్కలు అడిగేవారికి ‘వారీగా’ అన్న మాట లేనిదే పని నడవదు. జిల్లాలవారీగా వర్షపాతం, మండలాలవారీగా ఓటర్లు, శాఖలవారీగా సగటు జీతం అంటాం. ఆ మాటలోనే ఒక ఒప్పందం ఇమిడి ఉంది: లోపల ఎన్ని వందల పద్దులున్నా, ఒక్కో గుంపుకు ఒక్కో వరుసే చూపాలి. శాఖలవారీగా సగటు జీతం రాయమంటే ఏ గుమాస్తా అయినా రాస్తాడు. పక్కనే ఉద్యోగి పేరు కూడా రాయమంటే మాత్రం ‘ఏ ఉద్యోగి పేరండీ?’ అని కలం ఆపుతాడు. శాఖలో నలభైమంది ఉంటే పేర్లు నలభై, రాయాల్సిన వరుస ఒక్కటే. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ భాషలో ఈ ‘వారీగా’ పేరు గ్రూప్ బై. ఆ గుమాస్తా అడిగిన ప్రశ్నను యంత్రం ఎప్పుడు అడగాలి, అసలు అడగాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఈ రంగానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. ఒకే జవాబు ఖాయంగా లేని ప్రశ్నను డేటా ముట్టుకోకముందే ఆపాలన్నది ఆ చరిత్ర చెప్పే మొదటి మాట. ఆ నియమం మరీ కరకుగా తోచినప్పుడు మందు దాన్ని ఎత్తేయడంలో లేదు, యంత్రానికి మరింత తెలిసేలా చేయడంలో ఉందన్నది రెండో మాట.

కథ అమెరికాలోని శాన్ హోసేలో, ఐబీఎం పరిశోధనశాలలో మొదలవుతుంది. 1970లో ఎడ్గర్ కాడ్ డేటానంతా పట్టికలుగా చూడాలని ప్రతిపాదించాడు. 1974లో డొనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బోయ్స్ ఆ పట్టికలను గణితం చదవనివారు కూడా అడగగలిగేలా సీక్వెల్ అనే భాషను ప్రకటించారు. ట్రేడ్‌మార్క్ చిక్కు వచ్చి తర్వాత అది ఎస్‌క్యూఎల్ అయింది. గ్రూప్ బై తొలి రూపంలోనే ఉంది. అదే కాలంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో తయారైన ఇంగ్రెస్ అనే డేటాబేస్ క్వెల్ భాషతో మరో దారి పట్టింది. అందులో ‘వారీగా’ అన్న మాట సగటు, మొత్తం లాంటి లెక్కల లోపలే ఉండేది. ప్రతి ఉద్యోగి వరుస తన చోట తాను నిలిచి, పక్కన తన శాఖ సగటు తెచ్చుకునేది. ఎస్‌క్యూఎల్ అలా చేయలేదు. గ్రూప్ బై పడగానే మొత్తం ప్రశ్న స్వభావమే మారిపోతుంది. విడి వరుసలు కరిగిపోయి గుంపులు మాత్రమే మిగులుతాయి. కనుక గ్రూప్ బై మీద విధించిన నియమాన్ని ఎవరో తర్వాత తగిలించిన ఆంక్షగా చూడకూడదు. ఈ భాష ఎంచుకున్న రూపంలోంచే అది పుట్టింది.

1986లో అమెరికా ప్రమాణాల సంస్థ, మరుసటి ఏడు అంతర్జాతీయ సంస్థ ఎస్‌క్యూఎల్‌ను ప్రమాణంగా ప్రకటించినప్పుడు ఆ నియమం అక్షరబద్ధమైంది. చూపించమని అడిగిన ప్రతి కాలమ్ గ్రూప్ బై జాబితాలోనైనా ఉండాలి, లేదా మొత్తం, సగటు, గరిష్ఠం వంటి లెక్కలోపలైనా ఉండాలి. 1992 ప్రమాణం కూడా దీన్నే నిలుపుకుంది. తప్పితే ఆరాకిల్ డేటాబేస్ 979 నంబరు ఎర్రర్ చూపించి ప్రశ్నను తిప్పి పంపుతుంది. హైదరాబాద్‌లోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో ఎస్‌క్యూఎల్ దిద్దుకున్నవారికి ఇది పరిచయమైన నియమమే. దాని సుగుణం సరళత. రెండు జాబితాల్లో పేర్లు సరిపోల్చితే చాలు, తనిఖీ అయిపోతుంది. లోపం కూడా అక్కడే ఉంది. ఉద్యోగి నంబరువారీగా గుంపులు కట్టామనుకోండి. ఒక నంబరుకు ఒక్కడే మనిషి, ఒక్కటే పేరు. అయినా పేరు జాబితాలో లేదు కనుక ప్రశ్న చెల్లదు. దీన్ని దాటడానికి ఇంజనీర్లు రెండు అలవాట్లు చేసుకున్నారు. అవసరం లేని కాలమ్‌లన్నిటినీ గ్రూప్ బైలో కుక్కడం ఒకటి, ఉన్న ఒక్క పేరుకు గరిష్ఠం తీయడం ఇంకొకటి. రెండూ యంత్రాన్ని ఒప్పిస్తాయి గానీ, తర్వాత ఆ ప్రశ్నను (క్వెరీని) చదివే మనిషిని దారి తప్పిస్తాయి. అక్కడ లేని గుంపులు ఉన్నట్టు, తీయనక్కర్లేని గరిష్ఠం తీసినట్టు కనిపిస్తుంది.

విచిత్రమేమంటే ఈ లోపానికి కావలసిన సాధనం అప్పటికే చేతిలో ఉంది. ఒక విలువ తెలిస్తే మరో విలువ ఖాయమైపోయే సంబంధాన్ని కాడ్ 1970ల ఆరంభంలోనే ఫంక్షనల్ డిపెండెన్సీ అన్న పేరుతో పట్టికల సిద్ధాంతంలోకి తెచ్చాడు. అలాంటి సంబంధాలలోంచి కొత్తవాటిని రాబట్టే సూత్రాలను 1974లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ఇచ్చాడు. మరి ప్రమాణం ఎందుకు వాడుకోలేదు? ఏ కాలమ్ దేన్ని ఖాయం చేస్తుందో యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. పట్టికలో ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్‌ను ప్రకటించే ప్రైమరీ కీ అన్న మాటే 1986 ప్రమాణంలో లేదు, అది 1989 సవరణతో వచ్చింది. చెప్పే వీలు అంత పరిమితంగా ఉన్నప్పుడు, పైరూపం చూసి తీర్పు చెప్పడమే తనిఖీకి సులువైన దారి. 1999 ప్రమాణం మరో దారి తెరిచింది. గ్రూప్ బై కాలమ్‌ల మీద ఆధారపడి ఖాయమయ్యే ఏ కాలమ్‌నైనా విడిగా చూపించవచ్చంది, అయితే దాన్ని ఐచ్ఛిక సదుపాయంగా పెట్టింది. నియమం పేర్ల పోలికను వదిలి అర్థం వైపు తిరిగిన మలుపు ఇదే. ‘జాబితాలో ఉందా?’ అన్న ప్రశ్న పోయి ‘ఒక్కటే విలువ ఉంటుందని రుజువుందా?’ అన్న ప్రశ్న వచ్చింది.

ఇంతలో మైఎస్‌క్యూఎల్ మరో దారి తొక్కింది. 1995లో స్వీడన్‌లో పుట్టిన ఈ డేటాబేస్, గుంపులో లేని కాలమ్‌ను అడిగినా కాదనలేదు. గుంపులోంచి ఏదో ఒక విలువ ఇచ్చేది. ఏ విలువైనా ఎంచుకునే స్వేచ్ఛ సర్వర్‌కు ఉందని దాని పత్రాలే చెప్పాయి. దీనికి వాళ్లు చూపిన కారణం కొట్టిపారేయదగ్గది కాదు. గుంపులో ఆ విలువలన్నీ ఒకటేనని రాసేవాడికి తెలిసినప్పుడు, అదనపు కాలమ్‌లతో గుంపులు కట్టించడం యంత్రానికి దండగ శ్రమ. తెలిసినవాణ్ని నమ్మడంలో తప్పేముంది? తప్పు నమ్మకంలో లేదు. తెలిసి రాసినవాడికీ తెలియక రాసినవాడికీ తేడా చూపే గుర్తు ఒక్కటీ క్వెరీలో లేకపోవడంలో ఉంది. ఖాతాదారులవారీగా చివరి కొనుగోలు తేదీ, దాని పక్కన సొమ్ము అడిగామనుకోండి. తేదీ నిజంగా చివరిదే వస్తుంది, సొమ్ము మాత్రం మరేదో కొనుగోలుది రావచ్చు. వరుసలోని ప్రతి విలువా నిజమే, వరుస మొత్తం అబద్ధం. ఎర్రర్ వస్తే పని ఆగుతుంది, మనిషి సరిదిద్దుకుంటాడు. ఇలాంటి జవాబు మాత్రం పద్దుల్లోకీ నివేదికల్లోకీ చడీచప్పుడు లేకుండా ఎక్కిపోతుంది. ఇదే సదుపాయాన్ని ఎస్‌క్యూఎల్‌లైట్ అనే డేటాబేస్ కూడా ఇచ్చింది. కాకపోతే 2012లో ఒక స్పష్టత చేర్చింది: ప్రశ్నలో ఒకే ఒక గరిష్ఠమో కనిష్ఠమో ఉంటే, మిగతా కాలమ్‌లు కూడా ఆ విలువ ఉన్న వరుసనుంచే వస్తాయి. వదులుగా ఉన్నవారికి కూడా ఒక నిశ్చితమైన అర్థం కావలసి వచ్చిందనడానికి ఇది సాక్ష్యం.

1999 ప్రమాణం చూపిన దారిలో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 2011లో, తన 9.1 వెర్షన్‌లో నడిచింది. అక్కడ ప్రశ్న రెండు అంచెలు దాటుతుంది. మొదటి అంచెలో వ్యాకరణం మాత్రమే చూస్తారు. ఏ పట్టిక (టేబుల్) ఉంది, ఏ కాలమ్ ఉంది అన్నది ఇంకా తెలియదు. రెండో అంచెలో డేటాబేస్ తన సొంత వివరాల పట్టికలు చూసి ప్రతి పేరుకూ అర్థం కట్టుకుంటుంది. గ్రూప్ బై తనిఖీ జరిగేది ఈ అంచెలోనే. వాక్యాన్ని చెట్టుగా మలిచి, కొమ్మకొమ్మకూ వెళ్లి, గుంపుకు చెందని కాలమ్ లెక్క బయట విడిగా వేలాడుతోందేమో వెతుకుతుంది. కనిపిస్తే, ఆ టేబుల్ ప్రైమరీ కీ మొత్తం గ్రూప్ బైలో ఉందా అని చూస్తుంది. ఉంటే సరే, లేకపోతే ఎర్రర్. ఇక్కడ ఒక వివరం చాలా విలువైనది. ఇలాంటి ప్రశ్నను వ్యూగా, అంటే పేరు పెట్టిన ప్రశ్నగా, దాచుకుంటే, ఆ వ్యూ ఫలానా ప్రైమరీ కీ మీద ఆధారపడి ఉందని పోస్ట్‌గ్రెస్ రాసిపెట్టుకుంటుంది. తర్వాత ఎవరైనా ఆ కీని తీసేయబోతే ఊరికే ఒప్పుకోదు. ప్రశ్న చెల్లుబాటుకు ఏది సాక్ష్యమో, ఆ సాక్ష్యం పోకుండా కాపలా కూడా కాస్తోందన్నమాట. ఒకే విలువను రెండుసార్లు రానివ్వని యూనిక్ కీ కూడా, ఖాళీ విలువలు లేకపోతే, సిద్ధాంతరీత్యా సరిపోతుంది. కానీ ఖాళీ ఉండకూడదన్న షరతుకు అప్పట్లో విడి పద్దు లేదు, ఆధారంగా రాసుకోవడానికి వీలులేదు. అందుకే ప్రైమరీ కీతో ఆగింది.

ఇంత యాతన ఎందుకు, నేరుగా డేటానే చూసి తేల్చవచ్చు కదా అన్నది తర్కబద్ధమైన అభ్యంతరమే. ప్రతి గుంపులోనూ నిజంగా ఒక్కటే విలువ ఉంటే జవాబు ఇవ్వాలి, రెండు కనిపిస్తే అప్పుడు ఆపాలి అంటారు. కానీ అలా చేస్తే ప్రశ్న సరైనదా కాదా అన్నది ఆ రోజు పట్టికలో ఏముందో దాని మీద ఆధారపడుతుంది. ఖాళీ పట్టిక మీద ప్రతి తప్పుడు ప్రశ్నా నెగ్గుతుంది. పరీక్ష కోసం వేసుకున్న పది వరుసల మీద పనిచేసిన క్వెరీ, ఆరు నెలల తర్వాత ఎవరో ఒక కొత్త వరుస చేర్చిన రాత్రి కూలుతుంది. రాసినవాడు తప్పు చేసిన రోజు ఒకటి, తప్పు బయటపడే రోజు ఇంకొకటి. అప్పుడు సరిదిద్దడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఈ రోజు అలా ఉంది అనడానికీ ఎప్పటికీ అలాగే ఉండాలి అనడానికీ మధ్య ఉన్న తేడానే కీ అన్న ప్రకటన మోస్తుంది. తనిఖీ ఆ ప్రకటన మీద నిలబడాలి, అది దొరికేది ప్రశ్నకు అర్థం కట్టే దశలోనే.

2015లో మైఎస్‌క్యూఎల్ 5.7 ఈ వైపుకు వచ్చింది. అంతకుముందు కోరుకున్నవారికే ఉన్న కఠిన పద్ధతిని మామూలు పద్ధతిగా చేసింది. వదులుగా ఉన్నది బిగువైనప్పుడు పోస్ట్‌గ్రెస్ కంటే ముందుకు పోయింది కూడా. ప్రైమరీ కీతో ఆగకుండా, ఖాళీలు లేని యూనిక్ కీలను, ప్రశ్నలోని సమానత్వ షరతులను, టేబుళ్ల జోడింపులను, వ్యూలను కూడా లెక్కలోకి తీసుకుని రుజువు వెతికింది. అయినా వెర్షన్ మార్చుకున్నవారికి 1055 నంబరు ఎర్రర్ ఎదురైంది, ఏళ్లతరబడి నడిచిన క్వెరీలు ఆగిపోయాయి. ఒక్క సెట్టింగ్ మార్చి పాత పద్ధతికి తిరిగిపోయే వీలు మిగిలే ఉంది. మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయిన మరియాడీబీ కఠిన పద్ధతిని మామూలుగా పెట్టలేదు. నడుస్తున్న పనిని ఆపడం న్యాయమా అన్న ఫిర్యాదులో బలం ఉంది. ఆగినవాటిలో నిజంగా తప్పులేనివి కూడా ఉంటాయి, ఎందుకంటే మనిషికి తెలిసిన ప్రతి నిజమూ కీగా రాసి ఉండదు. దానికి జవాబుగా అదే వెర్షన్ ఎనీ వాల్యూ అన్న ఫంక్షన్ ఇచ్చింది. గుంపులో ఏ విలువ అయినా ఫరవాలేదని రాసేవాడు బాహాటంగా చెప్పే మాట అది. 2023 ప్రమాణం దాన్ని చేర్చుకుంది, ఆ ఏడే పోస్ట్‌గ్రెస్ 16 కూడా. పాత మైఎస్‌క్యూఎల్ ఇచ్చిన విలువే ఇది కూడా ఇవ్వవచ్చు. తేడా అంతా ఆ ఎంపికకు బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండడంలోనే ఉంది.

సౌకర్యానికీ కట్టుబాటుకూ పొసగదన్న భయం కూడా నిలవలేదు. లెక్కల్లో లేని కాలమ్‌లన్నిటినీ తనంతట తానే గుంపులోకి చేర్చుకునే గ్రూప్ బై ఆల్ అన్న మాటను డక్‌డీబీ అనే డేటాబేస్ 2022లో తెచ్చింది. టైపు చేసే శ్రమ తగ్గింది, నియమం ఒక్క అంగుళం సడలలేదు. 1986లో పేర్లు మాత్రమే పోల్చగలిగిన తనిఖీ, కీలు చదవడం నేర్చింది, షరతుల్లోంచి రుజువు రాబట్టడం నేర్చింది, తనకు రుజువు దొరకని చోట మనిషి మాటను సంతకంలా తీసుకోవడం నేర్చింది. అడ్డు అనిపించిన చోటల్లా అది మరికొంత తెలుసుకుని అడ్డు తొలగింది. జీతం, పింఛను, పంటనష్టం, ఓటరు జాబితా లాంటి లెక్కలెన్నో ఇప్పుడు ఎక్కడో ఒక గ్రూప్ బై మీదుగా మన ముందుకు వస్తున్నాయి. వాటిలో ఒకరి పేరు పక్కన మరొకరి సొమ్ము నిలవకూడదంటే, ‘ఏ ఉద్యోగి పేరండీ?’ అని మొదటి వరుస చదవకముందే అడిగే ఆ గుమాస్తా మనకు కావాలి.